వేరే బండి టర్బో

గొడవ సబ్బుబిళ్ళ దగ్గర మొదలైంది.

పొద్దున్నే స్నానాల గదిలోంచి అమ్మ ఆ బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని వంటింట్లోకి తెచ్చి గట్టు మీద పెట్టింది. తెల్లటి సబ్బు మీద నల్లటి వేళ్ళ చారలు, మధ్యలో మెరుస్తూ ఇనప రజను.

"ఇది మొహానికి రాసుకునే సబ్బు. గ్యారేజీ చేతులకు నీలం సబ్బు వేరే పెట్టానా లేదా?"

"పెట్టావమ్మా," అంది పాపాయి, పొయ్యి వైపు నుంచి తల తిప్పకుండానే.

"మరి మీ ఆయనకు నీలానికీ తెలుపుకీ తేడా తెలియదా?"

"తమ్ముడు కూడా అక్కడే కడుక్కుంటాడు. ఈయనే అని ఎలా చెబుతావు?"

"వాడివి లావు వేళ్ళు. ఇవి చూడు, సన్నంగా, పొడుగ్గా."

అమ్మ కళ్ళజోడు సవరించుకుని మరీ చూపించింది. పెళ్ళై కొన్నేళ్ళు గడిచినా, ముప్పై దాటినా, ఆ ఇంట్లో ఆమె ఇంకా పాపాయే. ఆమె భర్త మాత్రం వచ్చిన రోజు నుంచీ అల్లుడుగారే. ఆ 'గారు'ను ఎవరు ఎలా పలుకుతారో పాపాయికి కంఠతా వచ్చు. నాన్న పలికితే అందులో గౌరవం కంటే దూరం ఎక్కువ. అమ్మ పలికితే అలసట.

తువ్వాలు భుజాన వేసుకుని తమ్ముడు వచ్చాడు. సబ్బును చూశాడు, అమ్మను చూశాడు, వెనకే వస్తున్న బావను చూశాడు.

"వేలిముద్రలు దొరికాయన్నమాట. ఇంక పోలీసులదే ఆలస్యం," అన్నాడు. "అయినా బావను తిట్టి ఏం లాభం అమ్మా. లేతు పని చేసి చేసి ఆయన చేతులు కూడా లేతగా అయిపోయాయి. మసి పట్టుకుంటే వదలదు."

అమ్మ నవ్వేసింది. పాపాయికి కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. పెళ్ళికి ముందు ఆమె భర్త ఒక లేతు షాపులో పనిచేసేవాడు. లేతు మిషను మీద తిరిగే ఇనప కడ్డీని వెంట్రుకంత తేడా లేకుండా చెక్కేవాడు. ఆ షాపు యజమాని సగం మిషన్లు అమ్ముకున్న రోజుల్లో నాన్న, "ఇంట్లో గ్యారేజీ పెట్టుకుని బయట ఎందుకు," అని పిలిపించాడు. వచ్చిన మొదటి వారంలోనే తమ్ముడు, "మా బావ లేతు పనివాడు కాదు, లేత పనివాడు," అన్నాడు. అప్పటినుంచి అదే మాట రకరకాలుగా వినబడుతూనే ఉంది. తమ్ముడు నోరు విప్పితే ఆ ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు. పాపాయి కూడా అంతే.

ఆమె భర్త సబ్బును కుళాయి కింద కడిగి, కత్తితో పై పొర చెక్కి, తెల్లగా చేసి మళ్ళీ గట్టు మీద పెట్టాడు.

"సగం అరగదీశారు," అంది అమ్మ.

ఆ పూటకు అది అక్కడితో ఆగింది. ఇంకో సమయంలో అయితే పాపాయి ముఖం మాడ్చుకుని సాయంత్రం దాకా ఉండేది. ఆ వారం మాత్రం ఆమెకు సబ్బు గురించి ఆలోచించే తీరిక లేదు. ఆమె మనసంతా వెనక షెడ్డు మీద ఉంది.

గ్యారేజీ వెనక పాత సామాను పడేసే షెడ్డు ఒకటుంది. దాని మీద ఒక గది. గదిలో గోడ పక్కన సింకు, కిటికీ కింద పొయ్యి పెట్టుకునే గట్టు. ఎప్పుడో కాపలామనిషి కోసం కట్టించినది. ఒకరోజు అమ్మ నిద్రపోతున్నప్పుడు పాపాయి పైకి వెళ్ళి, చీరకొంగుతోనే గట్టు పొడవు కొలుచుకుంది. గిన్నెల అర ఎక్కడ, నీళ్ళ బిందె ఎక్కడ, ఉప్పు డబ్బా ఎక్కడ అని మనసులో సర్దుకుంది. ఆ అరలో ఏ గిన్నె ఎక్కడున్నా ఎవరూ అడగరు. సబ్బు నల్లబడినా ఎవరూ అడగరు.

ఆ షెడ్డు, ఆ గది తమకు రావాలంటే ఒక్కటే దారి. డెంటిస్టు కారు.

డెంటిస్టు నాన్నకు పాత ఖాతాదారు. ఆయన చేతి కిందే పని నేర్చుకున్న కుర్ర డాక్టరు ఒకడు కొత్త బండి కొని, రోడ్డు మీద ఈయన్ను దాటిపోయి చెయ్యి ఊపాడట. అప్పటినుంచి ఈయనకు నిద్ర లేదు. తన కారుకు బలం పెంచమని వచ్చి కూర్చున్నాడు. ఇంజన్ వదిలే వేడి గాలితోనే తిరుగుతూ, ఇంజన్‌లోకి మరింత గాలిని తోసే చక్రం టర్బో. ఆయన కారులో ఉన్నది చిన్నది. అంతకంటే పెద్ద బండిలోని పెద్ద టర్బో తెచ్చి బిగిస్తే జోరు వస్తుందని ఆమె భర్త అన్నాడు. ఆ ఇంట్లో అతను అడగకుండా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అందుకే నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు.

"బిగించి చూపించండి అల్లుడుగారూ. ఆ పైవంతెన ఎక్కించి తీసుకురండి. డాక్టరుగారు మెచ్చుకుంటే వెనక షెడ్డు మీకే ఇస్తాను. పైగది కూడా. లేదంటే మళ్ళీ ఆ ఊసెత్తకండి."

ఆ రోజు నుంచి ఆమె భర్త మనిషి మారిపోయాడు. స్క్రాప్ యార్డులో మధ్యాహ్నమంతా తిరిగి, ముందు భాగం నుజ్జయిన ఒక పెద్ద కారులోంచి టర్బో విప్పించి తెచ్చాడు. రెండు ఇంజన్ల బోల్టు రంధ్రాలూ కలవవు. మధ్యలో బిగించడానికి దళసరి ఇనప పలకను తనే కోసి, తనే తొలిచాడు. పాపాయి భోజనం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు అతను ఆ పలక అంచును బొటనవేలితో తడుముతూ కూర్చుని ఉండేవాడు. అన్నం చల్లారిపోయేది.

"బావా, వేరే ఇంటి నుంచి తెచ్చి బిగిస్తున్నాం కదా," అన్నాడు తమ్ముడు ఒకసారి, అక్కడున్న మెకానిక్‌లందరికీ వినబడేలా. "దానికి సర్దుకోడానికి కాస్త టైం పడుతుందిలే. అప్పటిదాకా తిట్టకూడదు. తిండి పెట్టాలి."

మెకానిక్‌లు పగలబడి నవ్వారు. అది టర్బో గురించి కాదని అందరికీ తెలుసు.

అలాంటిదే ఇంకో మధ్యాహ్నం. పాపాయి టీ ఫ్లాస్కు తెచ్చింది. గ్యారేజీలో అందరూ స్టూళ్ళ మీద, టైర్ల మీద కూర్చుని ఉన్నారు. నాన్న తన కుర్చీలో ఉన్నాడు. బానెట్ ఎత్తిన కారు మీదికి వంగి ఆమె భర్త, టర్బోకు నూనె తెచ్చే సన్నటి గొట్టాన్ని బిగిస్తున్నాడు. ఆ గొట్టం చివర ఒక బోలు బోల్టు ఉంటుంది. నూనె దాని నడిమి రంధ్రంలోంచే టర్బోలోకి పోతుంది. పెద్ద కారుతో వచ్చిన బోల్టు దీనికి పట్టలేదు. అందుకని గ్యారేజీలోని లేతు మీద కొత్తది చెక్కాడు. పాతదాని రంధ్రం గుండుసూది మొనంత. తనదానికి చిటికెన వేలి గోరంత పెట్టాడు. పెద్ద చక్రానికి ఎక్కువ నూనె కావాలి కదా అనుకున్నాడు. లేతు మనిషి ఎవరైనా అలాగే అనుకుంటాడు.

తమ్ముడు టీ గ్లాసుతో వెళ్ళి బానెట్ కిందికి తొంగి చూశాడు. గొట్టాన్ని చూశాడు. బోల్టును చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"పాపం బావా, దానికి అంత నూనె పోస్తావేంటి. పీకల దాకా తాగి వాంతి చేసుకుంటుంది. మన చిన్నాన్న పెళ్ళిలో తాగి వాంతి చేసుకున్నట్టు."

చిన్నాన్న ఆ పెళ్ళిలో ఎవరి ఒళ్ళో వాంతి చేసుకున్నాడో అందరికీ తెలుసు. గ్యారేజీ గొల్లుమంది. నాన్న మీసం కింద నవ్వుకున్నాడు. పాపాయి ఫ్లాస్కు మూత పట్టుకుని మరీ నవ్వింది. ఆమె భర్త కూడా, నవ్వకపోతే ఏడ్చినట్టుంటుందని, పళ్ళు కనిపించేలా పెదవులు లాగాడు. ఆ బోల్టును ఇంకాస్త బిగించాడు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో పాపాయి నవ్వు ఆగిపోయింది. తమ్ముణ్ణి పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచీ ఎరుగును. ఊరికే వేళాకోళం చేస్తే వాడు ఎదుటివాడి కళ్ళలోకి చూస్తాడు. నిజం చెప్పాలనుకున్నప్పుడు మాత్రం పక్కకు చూస్తూ నవ్వుతాడు. ఇందాక పక్కకు చూశాడు.

సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటుంటే దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్, ఆ నూనె సంగతి నిజంగానే అన్నావా?"

"ఏ నూనె?"

"అదే, వాంతి చేసుకుంటుందన్నావు."

"అయ్యో అక్కా, బావతో సరసం కూడా తప్పేనా? ఇంక నేను నోటికి కుట్లు వేసుకోవాలి."

"నిజమైతే ఆయనకు సరిగ్గా చెప్పచ్చు కదరా."

"చెప్పాను కదా. అందరూ విన్నారు," అన్నాడు, చెప్పును మెట్టుకేసి కొడుతూ, పక్కకు చూస్తూ. "వినేవాడు వింటాడు."

ఆమె ఆ మాట భర్త చెవిన వేసింది. అతను మంచం అంచున కూర్చుని గోళ్ళలో మసి తీసుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"కిందటేడు సీట్ల సంగతి మరిచిపోయావా?" అన్నాడు.

మరిచిపోలేదు. ఒక కారు సీట్ల కింద నీళ్ళు చేరాయట, అన్నీ పీకి ఎండలో పెట్టమన్నారట అని తమ్ముడు చెబితే, అతను చెమటలు కక్కుతూ సీట్లన్నీ విప్పి వరసగా ఎండలో పేర్చాడు. బండి ఆసామి వచ్చి, నూనె మార్చమంటే సీట్లు పీకారేమిటని తెల్లబోయాడు. వీధంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

"అది సరసం. మరి బ్రేకు పైపు కారుతోందని చెప్పినప్పుడు ఇదీ సరసమే అనుకుని ఊరుకున్నాను. అది నిజం. ఆ రోజు మామయ్య అందరి ముందూ తిట్టారు. నమ్మితే పిచ్చివాణ్ణి, నమ్మకపోతే మొండివాణ్ణి. వాడి మాటల్లో ఏది ఏదో విడదీసుకుంటూ కూర్చుంటే నేను పనెప్పుడు చేసేది?"

"పోనీ నాన్నను అడగండి."

"అడిగితే ఏమంటారో నీకు తెలియదా? 'ఇంత చిన్న సంగతి తెలియకుండానే షెడ్డు కావాలా అల్లుడుగారూ' అంటారు."

అది నిజమే. తనే వెళ్ళి అడుగుదామా అని పాపాయి అనుకుంది. అడిగితే, మొగుడికి పని రాదని పెళ్ళామే ఒప్పుకున్నట్టు అవుతుంది. పైగది, కిటికీ కింద గట్టు కళ్ళ ముందు కదిలాయి. ఇంత దూరం వచ్చాక చెడగొట్టుకోవడమెందుకని ఊరుకుంది. తమ్ముడు ఎగతాళి చేయనిది ఏముంది గనక అని మనసుకు సర్దిచెప్పుకుంది.

అనుకున్న రోజు పొద్దున గ్యారేజీ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. డెంటిస్టు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఇంజన్ కంప్యూటరులో చేయాల్సిన మార్పులు తమ్ముడు అంతకు ముందే చేసి పెట్టాడు. ఆ పని వాడిదే, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కారు ఎక్కి ఆమె భర్త పక్క సీటులో డెంటిస్టును కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. గ్యారేజీ ముందు నుంచి పైవంతెన ఎగువదాకా కనబడుతుంది. పాపాయి, అమ్మ గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డారు.

కారు ఎత్తు మొదట్లో ఒక్క క్షణం వెనక్కి తగ్గినట్టు అనిపించింది. తర్వాత సన్నటి ఈల వినిపించింది. అంతే, ముందున్న బండ్లను ఒకటి తర్వాత ఒకటి దాటుకుంటూ వంతెన మీదికి లేచిపోయింది. మెకానిక్‌లలో ఒకడు ముక్కున వేలేసుకున్నాడు. నాన్న కుర్చీలోంచి లేచాడు. పాపాయి గుమ్మం పట్టుకున్న చేతిని వదిలేసింది.

తిరిగివచ్చేటప్పుడు డెంటిస్టు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. ఆమె భర్త ముఖం మీద, పెళ్ళినాటి ఫోటోలో కూడా లేని నవ్వు ఉంది. కారు ఆపి, ఇంజన్ ఆపకుండా దిగాడు.

"ఏం లాగిందండీ," అన్నాడు డెంటిస్టు. "పన్ను ఊడినంత సులువుగా లాగింది."

"షెడ్డు తాళాలు ఎక్కడున్నాయి?" అన్నాడు నాన్న, అటూ ఇటూ చూస్తూ.

అప్పుడు సైలెన్సర్ లోంచి నీలం పొగ సన్నగా మొదలైంది. ముందు ఒక దారంలా. తర్వాత గుప్పుమని. చూస్తుండగానే గ్యారేజీ ముందంతా కమ్మేసింది. మాడిన నూనె వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అటు పోతున్న స్కూటరువాళ్ళు ఆగి చూశారు. డెంటిస్టు దగ్గుతూ ఇస్త్రీ చొక్కా దులుపుకున్నాడు.

"కాలిపోతోందా?" అన్నాడు. "నా బండి కాలిపోతోందా?"

ఆమె భర్త కారు కింద చూశాడు, బానెట్ ఎత్తాడు, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ తీశాడు. వేడి ఇనుము మీద చెయ్యి పడి వెనక్కి లాక్కున్నాడు.

"లే బావా, పక్కకు జరుగు," అన్నాడు తమ్ముడు.

ఇంజన్ ఆపించాడు. గుడ్డ చుట్టిన చేత్తో నూనె గొట్టం చివర బోల్టు విప్పాడు. తన చొక్కా జేబులోంచి ఇంకో బోల్టు తీశాడు. అది కొత్తది. ధగధగా మెరుస్తోంది. అదే కొలత, అదే మర. నడిమి రంధ్రం మాత్రం గుండుసూది మొనంత. బిగించాడు. స్టార్టు చేశాడు. కాసేపటికి పొగ పలచబడి, పూర్తిగా ఆగిపోయింది.

"ఈ టర్బోకు నూనె ఎక్కువైతే తాగలేదు, కక్కేస్తుంది డాక్టరుగారూ. అంతే, ఇంకేం భయం లేదు. ఒక రౌండు కొట్టి రండి."

పాపాయి ఆ బోల్టునే చూస్తూ ఉండిపోయింది. అది గ్యారేజీలోని లేతు మీద చేసినది కాదు, దాని దగ్గర ఎప్పుడూ ఆమె భర్తే ఉంటాడు. బయట ఎక్కడో చేయించినది. ఇవాళ పొద్దున చేయించినది కూడా కాదు. వాడు టీ గ్లాసుతో తొంగి చూసిన రోజే కొలతలు తీసుకుని ఉంటాడు. దాన్ని జేబులో వేసుకుని అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, కుర్చీలు వేయించాడు.

నాన్న కూడా ఆ బోల్టును చూశాడు. ఆయన కళ్ళు ఇలాంటివి దాటిపోనివ్వవు.

"ముందే చేయించి పెట్టావా?" అన్నాడు.

"ఎందుకైనా మంచిదని."

"ముందుచూపు అంటే అదీ," అన్నాడు నాన్న డెంటిస్టుతో. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "మీకు ముందే చెప్పాడా లేదా?"

ఆమె భర్త కాలిన వేళ్ళను చొక్కాకు అదుముకుని నిలబడ్డాడు. "సరిగ్గా చెప్పలేదు మామయ్యా."

"అందరి ముందూ చెప్పాను," అన్నాడు తమ్ముడు. "అంత నూనె వద్దన్నాను, కక్కుతుందన్నాను. అక్కనడుగు."

"పాపాయి?"

అందరూ ఆమె వైపు చూశారు. చెప్పాడు, కానీ చెప్పిన తీరు వేరు. అది వివరించడానికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. సీట్ల దగ్గరి నుంచా, బ్రేకు పైపు దగ్గరి నుంచా, లేతు లేత అన్న మొదటి వారం దగ్గరి నుంచా. నాన్న ఎదురుచూడటం ఎరగడు.

"చెప్పాడు," అంది.

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"విని నవ్వింది కూడా," అన్నాడు తమ్ముడు.

ఆమె భర్త తల ఎత్తి ఒక్కసారి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. తన లేతు మీద ముక్క సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకునే చూపు అది. చూసి, ముక్క పక్కన పెట్టేసినట్టు తల తిప్పుకున్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి వేళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. డెంటిస్టు ఇంకో రౌండు కొట్టి వచ్చి, తమ్ముడి భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఇనప పలక గురించి ఎవరూ మాట్లాడలేదు. దాని అతుకు దగ్గర రవ్వంత గాలి కూడా బయటికి పోలేదు.

మధ్యాహ్నం అందరూ ఒకేసారి భోజనానికి కూర్చున్నారు. నాన్న ముద్ద కలుపుతూ గొంతు సవరించుకున్నాడు.

"వెనక షెడ్డు అబ్బాయికి ఇస్తున్నాను. పైగది కూడా వాడే తీసుకుంటాడు, రేపు పెళ్ళయ్యాక పనికొస్తుంది. అల్లుడుగారు ఎప్పటిలాగే లేతు చూసుకుంటారు. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేసుకుంటే ఎవరికీ పొగ రాదు."

"బాధపడకు బావా," అన్నాడు తమ్ముడు. "నా షెడ్డులో నీకు ఎప్పుడూ ఒక స్టూలు ఉంటుంది. ఇంజనుకు దూరంగా వేయిస్తాను."

అమ్మ నవ్వింది. నాన్న నవ్వాడు. పాపాయి గొంతులోకి కూడా, ఆమె పిలవకుండానే, అలవాటు కొద్దీ నవ్వు వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి దాన్ని మింగేసింది. గ్లాసు దించేసరికి భర్త ఆమెనే చూస్తున్నాడు.

"మామయ్యా," అన్నాడు అతను. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, ఎడమ చేత్తో చెంచాతో తింటున్నాడు. "ఇందాక పాత లేతు షాపు యజమానికి ఫోన్ చేశాను. మిషన్లు మళ్ళీ కొన్నారట. రమ్మన్నారు. షాపు వెనక ఒక గది ఉందట. రేపు వెళ్ళిపోతున్నాను."

నాన్న చెయ్యి కంచంలోనే ఆగింది. "మంచిదే. మీ ఇష్టం. పాపాయి సామాను సర్దుకోవడానికి నాలుగు రోజులు..."

"పాపాయి రావడం లేదు. నేను ఒక్కణ్ణే."

"రావడం లేదని ఎవరన్నారు?" అంది పాపాయి. తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినిపించింది. "నేను వస్తాను."

"వద్దు," అన్నాడు. గొంతు పెంచలేదు. "నీ మీద కోపం లేదు. ఇక్కడ వీళ్ళు నవ్వితే అక్కడికి పోయి తల దాచుకోవచ్చు. నువ్వు నా పక్కనే ఉంటే, నువ్వు ఎప్పుడు నవ్వుతావా అని చూసుకుంటూ బతకాలి. అది నా వల్ల కాదు."

ఎవరూ ముద్ద ఎత్తలేదు. అమ్మ గరిటె పట్టుకుని, ఎవరికి వడ్డించాలో తెలియక నిలబడింది. తమ్ముడు బావ ముఖంలోకి, అక్క ముఖంలోకి మార్చి మార్చి చూశాడు. వాడి నోటి చివర సగం నవ్వు ఇంకా అంటుకునే ఉంది.

"సరసమాడుతున్నావా బావా?"

"లేదు," అన్నాడు అతను. "పొద్దున బస్సుకి."